ఆరు వారాల పిల్లకు వేసిన సూది

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. బదిలీలు ఎట్లా, పై అధికారులు ఎట్లాంటివాళ్లు అని అడుగుతారు. అవి నేను చెప్పకపోయినా ఆరు నెలల్లో వాళ్లకే తెలిసొస్తాయి. వాళ్లు అడగనిది, నేను ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పనిది ఒకటుంది. ఈ ఉద్యోగంలో నా చేతిరాతతో నేను చేసిన తప్పు అది. రిటైరై ఇన్నేళ్లయింది, ఇంక దాచుకొని ఏం చేసేది?

కార్డు

తొంభైల చివర్లో ఉరవకొండ దిక్కున ఒక మండల కేంద్రంలో నాకు పోస్టింగు. ఊరి పేరు రాయను, ఆ కుటుంబం ఇంకా ఆ ఊర్లోనే ఉంది. మా ఆస్పత్రికి వచ్చేవి గొర్రెలు, మేకలు, కరువుకు ఎముకలు తేలిన ఎద్దులు. కుక్కను పట్టుకొని వచ్చే మనిషి వారానికి ఒకడు కూడా ఉండడు. ఆస్పత్రిలో నేను, కాంపౌండర్ మస్తానయ్య. ఆయన నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. ఏ గొర్రె బతుకుతుందో, ఏది బతకదో చెవి పట్టుకొని చూసి చెప్పేవాడు.

ఆ కాలంలోనే తెల్ల పామరేనియన్ కుక్కపిల్లల షోకు మా దిక్కుకూ వచ్చింది. బస్టాండు పక్కన బట్టల అంగడి పెట్టుకున్న రంగనాథశెట్టి గారు ఒక పొద్దున అట్లాంటి పిల్లను బుట్టలో పెట్టుకొని వచ్చినాడు. వెంట మూడో తరగతి చదివే కూతురు పద్మజ. పిల్ల పేరు జిమ్మీ అని ఆ పాపే చెప్పింది.

"బళ్లారిలో మా బామ్మర్దింట్లో పుట్టిందమ్మా. దీని తల్లికి ఏటేటా సూదులు ఏయిస్తారంట. నాకు అంగడి వదిలిపెట్టి మళ్లీ మళ్లీ వచ్చేకి కాదు. ఉండే సూదులన్నీ ఈ పొద్దే ఏసేయండి" అన్నాడు శెట్టి గారు.

పిల్ల వయసు ఆరు వారాలు. ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. టీకాలు వేయించుకున్న తల్లి తన ఒంట్లోని యాంటీబాడీలను, అంటే జబ్బును అడ్డుకునే రక్షణను, ముర్రుపాలతో పిల్లలకు ఇస్తుంది. కొన్ని వారాలు పిల్లను కాపాడేది అదే. కానీ అది ఉన్నన్నాళ్లూ మనం వేసే టీకాను కూడా జబ్బే అనుకొని అణిచేస్తుంది. తల్లి ఇచ్చింది పోను పోను కరిగిపోతుంది, మనం వేసింది పట్టదు. పిల్ల ఏ రక్షణా లేకుండా మిగిలిపోతుంది. అందుకే పిచ్చికుక్క జబ్బు టీకా మూడు నెలలు నిండినాక వేయాలి. ఇది నాకు కాలేజీలోనే తెలుసు.

తెలిసీ వేసినాను. బయట వంద గొర్రెలు మందు తాగడానికి నిలబడి ఉన్నాయి, ఎండ ఎక్కుతా ఉంది. శెట్టి గారు ఊర్లో మాట చెల్లే మనిషి. "మూడో నెలలో ఇంకోసారి తీసుకురండి" అని నోటితో అన్నాను. కార్డు మీద మాత్రం చేతి అలవాటు కొద్దీ 'మళ్లీ: ఒక సంవత్సరానికి' అని రాసి, ముద్ర వేసి ఇచ్చినాను.

బజార్లో పిచ్చికుక్క

ఐదు నెలల తర్వాత ఎండాకాలంలో ఒక పిచ్చికుక్క సంతబజారులో పడి, అడ్డమొచ్చిన కుక్కనల్లా కరుచుకుంటా పోయింది. జనం కట్టెలతో దాన్ని చంపేలోపల శెట్టి గారి ఇంటి గడపలో ఉన్న జిమ్మీ చెవిని కూడా చీల్చింది.

గంటలోపలే శెట్టి గారు జిమ్మీని ఎత్తుకొని వచ్చినాడు. మొహంలో కంగారు లేదు. కార్డు తీసి బల్ల మీద పెట్టినాడు.

"దీనికి సూది ఏసిండారు కదమ్మా, భయం లేదు. చెవికి కట్టు కట్టండి చాలు."

కార్డు చూసినాను. పుట్టిన తేదీ, సూది వేసిన తేదీ, రెంటి మధ్య ఆరు వారాలు. కింద నా రాత. 

"మూడో నెలలో ఇంకో సూదికి తెమ్మన్నాను. తెచ్చినారా?"

"మీరు చెప్పింది నాకు జ్ఞాపకం లేదు. రాసింది ఉండాది కదా. ఒక సంవత్సరం."

"శెట్టి గారూ, నేను రాసింది తప్పు. ఆ వయసులో వేసిన సూది పట్టి ఉండకపోవచ్చు. దీన్ని ఆరు నెలలు ఎవరూ ముట్టుకోకుండా గదిలో కట్టెయ్యాలి. ఈ పొద్దు నుంచి వరసగా సూదులు వేస్తాను. ఇంట్లో ఈ చెవిని ముట్టుకున్నవాళ్లంతా పెద్దాస్పత్రికి పోయి సూదులు వేయించుకోవాలి."

చెవి నెత్తురు తుడిచింది పద్మజేనట, తన గౌనుతో.

ఆయన కార్డును వేలితో నా దిక్కు జరిపినాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అప్పుడు రాసింది తప్పంటారు. ఇప్పుడు చెప్పేది కరెక్టని నేనెట్ల నమ్మేదమ్మా?"

మస్తానయ్య జిమ్మీ మూతికి గుడ్డ కట్టి పట్టుకున్నాడు. నేను చేతి తొడుగులు వేసుకొని సబ్బు నీళ్లతో గాయం కడిగినాను. కొత్త సూది వేయకముందే కొంచెం రక్తం తీసి పెట్టుకున్నాను. పాత సూది పట్టిందా లేదా అనేది ఆ రక్తమే చెప్పాలి. ఒకసారి కొత్తది వేసినాక తీస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు.

మా ఏ.డి. గారు

సాయంత్రానికే మా అసిస్టెంట్ డైరెక్టర్ గారు జీపులో దిగినాడు. శెట్టి గారు ఫోన్ చేసినాడట. ఏ.డి. గారు పెద్ద మీసాల మనిషి, గొంతు వీధి చివరికి వినపడుతుంది.

"ఏమమ్మా, తప్పు రాసినానని మనిషి మొహం మీద చెప్తారా ఎవరన్నా? రేపు పేపర్లో పడితే ఎవరికి చెడ్డపేరు?"

"చెప్పకపోతే వాళ్లు కుక్కను ఒళ్లో పెట్టుకుంటారు సార్."

"చెప్పినా పెట్టుకుంటారు. అదే నేననేది. మీ మాట మీద నమ్మకం పోగొట్టుకొని ఏం సాధించినారు?"

అప్పుడు నాకు ఆయన మీద వచ్చిన కోపం చాలా ఏళ్లు ఉండింది. ఆ మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ ఏళ్లు పట్టింది.

రక్తాన్ని బెంగళూరు ల్యాబుకు పంపిస్తానంటే ఆయన వద్దన్నాడు. "మన తప్పు మనమే రాసి ఇచ్చినట్ల అవుతాది." నేను వినలేదు. మరుసటి రోజు మస్తానయ్య సెలవు పెట్టి, ఐసు నింపిన థర్మాస్ ఫ్లాస్కులో ఆ రక్తం నుంచి తీసిన సీరం సీసా పెట్టుకొని అనంతపురం మీదుగా బెంగళూరు బస్సెక్కినాడు. దారిలో ఐసు కరిగిపోతే సోడా అంగట్లో అడిగి మళ్లీ నింపినాడట. రిపోర్టు రావడానికి మూడు వారాలు పడుతుందని అక్కడ చెప్పినారు.

పది రోజులు

శెట్టి గారు జిమ్మీని రెండు సూదులకు పట్టుకొచ్చినాడు. మూడోదానికి రాలేదు. పదకొండో రోజు నేనే ఇంటికి పోయినాను.

జిమ్మీ పద్మజ ఒళ్లో ఉంది. పాప దానికి దువ్వెనతో దువ్వుతా ఉంది.

"కట్టెయ్యమంటిని కదా శెట్టి గారూ!"

"పది దినాలు చూడాలంట కదమ్మా. పదీ అయిపాయె. నీళ్లు తాగుతాండాది, తింటాండాది. మీ ఏ.డి. గారు కూడా సరే అన్నాడు."

ఈ పది రోజుల మాట మనుషులను ఎంత మోసం చేస్తుందో కొత్త డాక్టర్లు మరవకూడదు. పది రోజులు చూడాల్సింది కరిచిన కుక్కను. కరిచే నాటికే దాని ఎంగిలిలో జబ్బు ఉంటే అది పది రోజుల్లో పడిపోతుంది. కరిపించుకున్న కుక్క సంగతి వేరే. దానికి జబ్బు మూడు వారాలకు రావచ్చు, మూడు నెలలకూ రావచ్చు.

అదంతా చెప్పినాను. లోపల్నుంచి శెట్టి గారి తల్లి వచ్చింది. ఆ అవ్వకు నామీద మొదటి రోజు నుంచే గురి లేదు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించేదా ఆడపిల్లకి? మేము పసరు పోయించినాము. ఏమీ కాదు పో తల్లీ" అంది.

నేను లేచి వచ్చేసినాను. ఇంతవరకూ రాసిన తప్పు కన్నా ఇదే పెద్దది. ఆ పొద్దు నేను తాసిల్దారు దగ్గరికి పోయి ఉండొచ్చు, పెద్దాస్పత్రి డాక్టరును వెంటబెట్టుకొని పోయి ఉండొచ్చు, గడపలో కూర్చొని ఏడ్చి ఉండొచ్చు. ఏదీ చేయలేదు. 'నా మాట నమ్మరు, బెంగళూరు కాగితం వస్తే నమ్ముతారు' అనుకొని కాగితం కోసం కాచుకొని కూర్చున్నాను. మళ్లీ ఎవరన్నా తప్పు రాసినావు అంటారేమోనన్న భయం కూడా ఉండింది. రోజూ పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినపడితే గడపలోకి పోయి నిలబడేదాన్ని. ఉత్తరం రాలేదంటే బాధ, ఒక రోజు గడిచింది అని కొంచెం ఊరట, రెండూ కలిసి ఉండేవి.

కాగితం వచ్చిన రోజు

ఇరవై మూడో రోజు కవరు వచ్చింది. నిలబడే చించినాను. రక్షణకు ఉండాల్సిన గీతకు చాలా కింద ఉంది జిమ్మీ లెక్క. ఆరు వారాలప్పుడు వేసిన సూది పట్టలేదు.

కాగితం పట్టుకొని, మస్తానయ్యతో శెట్టి గారింటికి పరిగెత్తినట్టే పోయినాను. తలుపు మూసి ఉంది. లోపల కుక్క అరుపు, కానీ గొంతు మారి బొంగురుగా ఉంది. ఆ అరుపు ఒకసారి విన్నవాళ్లు మళ్లీ మరిచిపోరు.

శెట్టి గారు తలుపు తీసినాడు. "నిన్నటి నుంచీ ఏమీ తినలేదమ్మా. మంచం కింద దూరింది. పిలిస్తే కరిచేకి వస్తాంది" అన్నాడు. నా చేతిలో కాగితం తీసుకొని చదివి, పద్మజను చెయ్యి పట్టి బయటికి లాగినాడు.

అందరినీ బయటికి పంపి, తలుపులు వేయించి, మస్తానయ్యా నేనూ గోనెసంచి, ఉచ్చు వేసి జిమ్మీని పట్టి ఆస్పత్రి బోనులో పెట్టినాము. రెండు రోజులకు చచ్చిపోయింది. తల భాగం పరీక్షకు పంపితే అదే జబ్బు అని తేలింది. మేం దాని కోసం కాచుకోలేదు. ఆ పొద్దే పద్మజ, ఆమె తల్లి, అవ్వ, శెట్టి గారు నలుగురూ పెద్దాస్పత్రికి పోయినారు. పద్మజ మోచేతి మీద గోరు గీత ఉంది. నాలుగు దినాల కిందట ఆడుకుంటుంటే గీరిందట. ఆ గీత చుట్టూ వేయడానికి కావాల్సిన, వెంటనే రక్షణ ఇచ్చే సీరం మందు జిల్లాలో దొరకలేదు. ఏ.డి. గారే బళ్లారికి ఫోన్ మీద ఫోన్ చేసి తెప్పించినాడు. ఈసారి నన్ను ఒక్క మాట అనలేదు.

నాగమ్మ

జిమ్మీ చచ్చిపోయిన రోజు మస్తానయ్య నన్ను అడిగినాడు: "మేడమ్, శెట్టోళ్లింట్లో కుక్కకు అన్నం పెట్టేది ఎవురు?"

నేను శెట్టి గారిని 'ఇంట్లో ఎవరెవరు ముట్టుకున్నారు' అని అడిగినాను. ఆయన ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పినాడు. పనిమనిషి నాగమ్మ పేరు ఆయనకు తోచలేదు. నాకూ అడగాలని తోచలేదు.

పోయి అడిగితే శెట్టి గారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వారం కిందట దాని అన్నం తట్ట తీస్తాంటే బొటనవేలు కరిచింది. పసుపు పెట్టినాను. మరుసటి దినమే పని మానేసి పోయింది. సోమందేపల్లె తావ రోడ్డు పనికి పోతాండానని చెప్పింది."

అప్పుడు హైవే వెడల్పు చేస్తా ఉన్నారు. శెనక్కాయ ఎండిపోయిన పల్లెల జనమంతా ఆ పని మీదే ఉండినారు. సోమందేపల్లె మా ఊరికి దగ్గరేమీ కాదు. నాగమ్మ ఏ కూలీల ముఠాలో ఉందో తెలియదు. నేను ఏ.డి. గారి దగ్గరికి పోయి జీపు అడిగినాను. "ఇది మన పని కాదమ్మా" అన్నాడు. ఆ మాట అంటానే చెప్పులు వేసుకున్నాడు.

పెనుకొండ దాటినప్పటి నుంచీ రోడ్డు పక్క ప్రతి గుడిసె దగ్గరా జీపు ఆపుకుంటా పోయినాము. నాగమ్మ అనే పేరు గలవాళ్లు ముగ్గురు దొరికినారు, మేం వెతికే మనిషి కాదు. నాలుగు గంటలప్పుడు ఒక కల్వర్టు దగ్గర కంకర మోస్తున్న ఆడవాళ్లలో ఒకామె చేతికి గుడ్డ కట్టి ఉంది. నలభై ఏళ్లుంటాయేమో. తట్ట దింపకుండానే నా దిక్కు చూసింది.

"శెట్టోళ్లింట్లో పని చేసిన నాగమ్మవేనా నువ్వు?"

"ఆ, నేనే. ఏమైంది? ఏమన్నా పోయిందా ఆళ్లింట్లో?"

మొట్టమొదట ఆమెకు వచ్చిన అనుమానం అది. కుక్కకు పిచ్చి పట్టి చచ్చిపోయిందని, సూదులు వేయించుకోవాలని చెప్పినాను.

"యాడికమ్మా వచ్చేది? దినమూ సూది కంటే మేస్త్రీ ముఠాలోంచి తీసేస్తాడు. గాయం మానిపాయె చూడు" అని గుడ్డ విప్పింది. నిజంగానే మానింది. పంటి గాట్లు రెండు, నల్లగా.

"గాయం మానినా లోపల జబ్బు మానదు నాగమ్మా. అది తలకెక్కితే ఇంక ఏ డాక్టరూ ఏమీ చేయలేడు."

"కుక్కకు సూది ఏయించిండారని శెట్టమ్మ చెప్పింది కదా?"

ఆ ప్రశ్నకు నేను నిజం చెప్పాల్సింది. శెట్టి గారికి నిజం చెప్పి ఏం జరిగిందో కళ్లారా చూసినాను. కల్వర్టు మీద నిలబడి, ఎండలో, ఆమె తట్ట వైపు చూస్తా అన్నాను: "ఆ సూది పని చేయలేదు."

ఎందుకు పని చేయలేదో చెప్పలేదు.

ఆమె ఇంకా ఆలోచిస్తా ఉంటే ఏ.డి. గారు మేస్త్రీ దగ్గరికి పోయినాడు. ఆ గొంతు ఎందుకు పుట్టిందో నాకు ఆ పొద్దు తెలిసింది. "ఏమప్పా, ఈమెకు దినమూ పెనుకొండ ఆస్పత్రికి పోయి వచ్చేకి టయం ఇస్తావా, లేకుంటే కలెక్టరాఫీసులో నిలబడి చెప్తావా ఎందుకియ్యవో?" మేస్త్రీ రెండు చేతులూ జోడించినాడు. చీకటి పడకముందే నాగమ్మకు పెనుకొండలో మొదటి సూది పడింది. సీరం మరుసటి రోజు మస్తానయ్య బస్సులో పట్టుకొని పోయినాడు.

ఆ పద్నాలుగు రోజులూ, ఆ తర్వాత మూడు నెలలూ నేను సరిగ్గా తినలేదు. శెట్టి గారి వీధిలో ఎవరికన్నా జ్వరం అంటే పని విడిచిపెట్టి పోయి చూసి వచ్చేదాన్ని. ఎవరికీ ఏమీ కాలేదు. పద్మజ బడికి పోయింది. శెట్టి గారు మళ్లీ మా ఆస్పత్రి గడప తొక్కలేదు, నేను తప్పు పట్టను.

పరీక్ష ఏం చెప్తుంది, ఏం చెప్పదు

అప్పటినుంచి కుక్కపిల్ల వస్తే నేను మొదట అడిగేది దాని వయసు, రెండోది దాని తల్లి సంగతి. మూడు నెలలు నిండనిదే రేబీస్ సూది వేయలేదు. ఎవరు ఒత్తిడి చేసినా తర్వాతి తేదీని వాళ్ల ముందరే కార్డు మీద రాసి, గట్టిగా చదివించి పంపినాను.

యాంటీబాడీ పరీక్ష మంచి పనిముట్టు. కొన్నేళ్లకు నేను బత్తలపల్లెలో ఉన్నప్పుడు ఒక బడిపంతులు తన పదకొండేళ్ల కుక్కను తెచ్చినాడు. అంతకు ముందు సంవత్సరం సూదులన్నీ ఒకేసారి వేస్తే మొహం వాచి, ఊపిరాడక చావు దాకా పోయి వచ్చిందది. దాని రక్తం బెంగళూరుకు పంపిస్తే పేగుల జబ్బుకూ, డిస్టెంపర్ అనే కుక్కల జ్వరానికీ రక్షణ నిండుగా ఉందని వచ్చింది. ఆ రెండూ ఆ సంవత్సరం మానేసినాము. "అయితే రేబీస్ కూడా మానేద్దాం మేడమ్, కాగితం తెప్పిద్దాం" అన్నాడు పంతులు. కాదన్నాను. అది మనిషి ప్రాణంతో ముడిపడింది, దాంట్లో కాగితాన్ని అడ్డం పెట్టుకోకూడదు. ముందే వాపు తగ్గే మందు ఇచ్చి, గంటసేపు పక్కనే కూర్చోబెట్టుకొని ఆ ఒక్క సూదీ వేసినాను. కుక్క నిమ్మళంగా ఇంటికి పోయింది.

పరీక్ష జంతువు గురించి చెప్తుంది. కరిపించుకున్న మనిషి ఆ జవాబు కోసం కాచుకోకూడదు. ఆ ముక్క నేను ఇరవై మూడు రోజులు పోగొట్టుకొని నేర్చుకున్నాను.

చివరికి చెప్పినాను

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, ధర్మవరం బస్టాండులో ఒకామె నన్ను చూసి ఆగింది. "డాక్టరమ్మవే కదా? కంకర తావకు జీపులో వచ్చినావు!" జుట్టు నెరిసింది కానీ నాగమ్మే. కూతురి ఇంటికి పోతా ఉందట. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని టీ తెప్పించింది, డబ్బులు నన్ను ఇవ్వనీయలేదు.

బస్సు రావడానికి ఇంకా టైముంది. ఇన్నేళ్లు మోసింది ఆమెకు చెప్పేద్దామనిపించింది.

"నాగమ్మా, ఆ కుక్కకు సూది వయసు చూడకుండా వేసింది నేనే. ఒక సంవత్సరం వరకూ భయం లేదని కార్డు మీద రాసింది కూడా నేనే. ఆ పొద్దు నీకు చెప్పలేదు."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"ఆ మాట ఆ పొద్దే చెప్పింటే, నీ సూదిని నేను నమ్మేదాన్నా? తట్ట ఎత్తుకొని పనికి పోయిందును" అంది. కొంగుతో మూతి తుడుచుకొని మళ్లీ అంది: "అట్లని చెప్పకుండా ఉండింది మంచి పనేమీ కాదులే."

అంతలో ఆమె బస్సు వచ్చింది. మూట చంకన పెట్టుకొని, నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టి వదిలి, ఎక్కి పోయింది.